చీనీ తోటలో తెల్లటి మచ్చ

కెమెరాలు విప్పడమంటే నాకు పిచ్చి. రీలు పోయి డిజిటల్ వస్తున్న ఆ రోజుల్లో పులివెందులలో నాకో చిన్న స్టూడియో ఉండేది. ఒక పాత డిజిటల్ కెమెరాను గడియారాలు బాగుచేసే స్క్రూడ్రైవర్లతో విప్పాను. ఫ్లాష్ కండెన్సర్ కొట్టిన షాక్‌కు చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది. సెన్సర్ ముందు గోరంత లేతనీలం గాజుబిళ్ల ఉంటుంది. ఎరుపుకు అవతల ఉండే, మన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగును లోపలికి రానీయకుండా ఆపేది అదే. దాన్ని ఊడదీసి, అదే కొలతకు మామూలు గాజు పెట్టాను. కంటికి కనపడే వెలుగును ఆపడానికేమో, కడిగిన రీళ్ల చివర నల్లగా మిగిలే ముక్కలు రెండు లెన్సు ముందు అంటించాను. స్టూడియో చెత్తబుట్ట నిండా అవే.

ఇక చూడాలి! వీధి చివరి వేపచెట్టు వెన్నపూసలా వచ్చింది. ఆకాశం నల్లబడింది. పచ్చని ఆకు ఈ వెలుగును తిప్పికొడుతుంది కాబట్టి బతికున్నది తెల్లగా, వాడిపోయింది మసకగా కనిపిస్తుందని ఎక్కడో చదివాను. చదివింది సగం, చెప్పుకున్నది రెండింతలు. ఆ గొప్పలు మా అక్క మొగుడి చెవిన పడ్డాయి.

బావకు ఊరి బయట చీనీ తోట ఉండేది, బత్తాయినే మా వైపు చీనీ అంటాం. ఆ యేడు వాన లేదు, బోరు ఎండిపోయింది. పక్కూరి నుంచి రోజుకు రెండు ట్యాంకర్లు తెప్పిస్తే సగం చెట్లకే చాలుతున్నాయి. అన్నింటికీ తలా కొంచెం పోస్తే అన్నీ పోతాయి. సగం తోటను వదిలెయ్యాలి. ఏ సగమన్నదే ఆయన బాధ.

"బామ్మర్దీ, నీ కెమెరాతో ఒగసారి చూసి చెప్పు. యా చెట్లలో జీవముండాదో నువ్వు తేల్చు, నేను నీళ్లు పోస్తా" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం ట్యాంకర్ మీదికెక్కి, తోటంతా ఒకే ఫోటోలో పట్టేట్టు తీశాను. నడిమి సాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. రెండు అంచుల సాళ్లూ మసకగా ఉన్నాయి. ఇంకేం కావాలి? అంచు చెట్ల మొదళ్లకు గుర్తుగా ఎర్రటి జాజు పూసి వదిలెయ్యమన్నాను. ఆ సాళ్లు అక్క దగ్గరుండి నాటించినవి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "బాగా చూసినావా అబ్బీ?" అంది. "కెమెరా అబద్ధం చెప్పదక్కా" అన్నాను. తలచుకుంటే ఇప్పటికీ నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మూడు వారాల తర్వాత అదే కెమెరాతో, ఎండలో ఉన్న స్టూడియో పక్క గోడను తీశాను. ఫోటోలో గోడ నడుమ పళ్లెమంత తెల్లటి మచ్చ. ఇంకో గోడను తీశాను. అక్కడా నడుమనే, అదే మచ్చ. ఆ లెన్సు మామూలు వెలుగు కోసం చేసింది. ఇన్‌ఫ్రారెడ్‌ను తెచ్చి ఫోటో నడుమ పోగేస్తోంది. అంటే ఆ రోజు నడిమి సాళ్లలో మెరిసింది చెట్ల జీవం కాదు, లెన్సు లోపం.

స్టూడియో షట్టర్ దించేసి తోటకు పరుగెత్తాను. జాజు పూసిన చెట్ల ఆకులు దొప్పల్లా ముడుచుకుని రాలుతున్నాయి. బావ నడిమి సాళ్లలో పైపు పట్టుకుని నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాను. తిడితే బాగుండుననిపించింది.

ఆయన పైపును పక్క పాదులోకి మార్చాడు. "నాకు తెలీదా అప్పా? మొలకప్పట్నుంచి సాకినోన్ని. అన్నీ బతికే చెట్లే. నీళ్లే సగానికుండాయి. దీన్ని ఇడ్సిపెట్టు అనేదానికి నాకు నోరు రాల్యా. అందుకే నిన్ను పిలిచినా."

పాదు నిండాక పైపును ఇంకో చెట్టుకు మారుస్తూ అన్నాడు. "ఆ మచ్చ సంగతి మీ అక్కకు చెప్పాకు. ఆ చెట్లలో జీవం లేదని కెమెరా చెప్పిందనుకొని ఇంత అన్నం తింటాండాది."

ఇంటికి పోతే అక్క మజ్జిగ చేతికిచ్చి, "నువ్వు చూసి చెప్పినావు గాబట్టి సగమన్నా దక్కినాయి అబ్బీ" అంది. తల దించుకుని తాగాను.