మోటార్‌సైకిల్‌కు కందెన

మా చిన్నప్పుడు... మోటార్‌సైకిల్‌కు కందెన పెట్టిన ఇల్లు మాది. నవ్వకండి. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి ఎడ్లబండి ఇరుసుకు పూసే నల్లటి జిడ్డు ఉంటుందే... అదే కందెన.

మాది సింహాద్రిపురం. పత్తి బేరాలకు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు తిరగాలని మా నాయన ఎడ్లనూ బండినీ అమ్మేసి ఒక పాత మోటార్‌సైకిల్ కొన్నాడు. ఎడ్లను తోలుకుపోయిన రోజు మా జేజినాయన, అంటే నాయనకు నాయన, అన్నం ముట్టలేదు. తర్వాత ఆయనకు తెల్లవారితే చేసే పనే లేకుండా పోయింది. ఖాళీ కొట్టంలో ఊరికే కూర్చునేవాడు...

కొన్నాళ్ళకు బండి హ్యాండిల్ బిగుసుకుంది. నాయన వాకిట్లో ముందు భాగం విప్పి, హ్యాండిల్ తిరిగే చోట ఉండే ఇనుప గుండ్లను కిరసనాయిలుతో కడిగి చేటలో పోశాడు. గ్రీజు డబ్బా మూత తీస్తుంటే జేజినాయన కందెన గొట్టం పట్టుకుని వచ్చాడు.

"నువ్వు లెయ్‌రా... కందెన పెట్టేది నాకు తెలీదా?"

నాయన ఆయన మొహం చూశాడు. ఎడ్లు పోయాక మళ్ళీ ఆ రోజే ఆ మొహంలో కళ కనిపించింది. "సరే నాయనా, నువ్వే పెట్టు" అని డబ్బా పక్కన పెట్టేశాడు.

మర్నాడు నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని, మెల్లగా ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. మెకానిక్ ఖాదర్ మామ విప్పి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఏందప్పా ఇది! మసి గుండ్లను తినేస్తాది."

"మా నాయన పెట్టినాడు. కడిగి గ్రీజు పెట్టు మామా. ఈ మాట ఆయన చెవిన పడకూడదు."

అప్పటినుంచి అదే తంతు. ఇంట్లో నాయన విప్పి కడిగిచ్చిన గుండ్లకు జేజినాయన కందెన పెట్టడం, ప్రొద్దుటూరులో నాయన కడిగించడం... అమ్మ గొణుక్కునేది.

ఒక ఏడాది బేరాల హడావిడిలో కడిగించడం ఆలస్యమైంది. కందెన ఎండి, దుమ్ము పట్టి గట్టిపడింది. అప్పుడే చెల్లెలికి జ్వరం ముదిరితే, డాక్టరు కోసం నాయన పులివెందులకు బయలుదేరాడు. మలుపులో హ్యాండిల్ తిరగలేదు. బండితో సహా గుంతలో పడ్డాడు. కుడిచెయ్యి విరిగింది. నాయన చెబితే దారినపోయేవాళ్ళు డాక్టరును పంపించారు కాబట్టి చెల్లెలు బతికింది.

బండి బాగుచేయడానికి ఖాదర్ మామ మా ఇంటికే వచ్చాడు. విప్పగానే కోపం ఆపుకోలేకపోయాడు.

"ఎన్నితూర్లు కడిగిస్తివప్పా ఈ కందెనను! ఈతూరి కడిగించకుండా ఎట్ల తిరిగితివి?"

అరుగు మీద జేజినాయన ఉన్నాడు. ఆయన మొహాన నెత్తురు చుక్క లేదు. లేచి కొట్టంలోకి పోయాడు. ఎంత పిలిచినా రాలేదు... నాకు ఏడుపొచ్చింది.

చివరికి నాయనే, మెడకు కట్టిన చేత్తో, రెండో చేతిలో గ్రీజు డబ్బా పట్టుకుని లోపలికి పోయాడు.

"నా చెయ్యి కట్టులో ఉంది నాయనా. గ్రీజు నువ్వే పెట్టాల."

"నిన్ను సంపుకుంటాంటి కదరా... ఇంకా నా చేత్తో యాల పెట్టిస్తావు?"

"నువ్వు పెడితేనే నేను బండెక్కేది."

జేజినాయన బయటికొచ్చి చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. ఖాదర్ మామ చూపించినట్టే గ్రీజులో ఒక్కో గుండునూ కూర్చాడు. కళ్ళనీళ్ళు కారుతున్నా ఒక్క గుండు కూడా జారనీయలేదు. పని అయ్యేదాకా నాయన ఆయన పక్కనే నిలబడ్డాడు. ఆ తర్వాత జేజినాయన ఉన్నన్నాళ్ళూ ఆ బండికి గ్రీజు ఆయనే పెట్టాడు.

ఇప్పుడు మా మనవడి బండి సర్వీసుకు ఇస్తే, ఎవరు విప్పారో ఎవరు బిగించారో కూడా తెలియదు...

పెద్దవాళ్ళను కూర్చోబెట్టి చూసుకుంటున్నామని మనం గొప్పగా చెప్పుకుంటాం. చేతికి పనిచ్చి చూసుకున్నవాళ్ళు మీ ఇళ్ళలో ఎవరైనా ఉన్నారా?