ఎస్తేరమ్మ రాయించిన చీటీ

ఫినాయిల్ వాసన తగిలితే నాకు ముందు చిరాకు వస్తుంది, తర్వాత ఎస్తేరమ్మ గుర్తొస్తుంది. ఈ ఉదయం కొత్త ఆఫీసులో లిఫ్టు దిగగానే తడి నేల మీద అదే వాసన. "చెప్పులు తుడుచుకొని రా బిడ్డా" అనే కేక వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగాను కూడా. రాలేదు. ఇక్కడ నేల తుడిచే అమ్మాయి చెవుల్లో పాటలు పెట్టుకుని తన పని తాను చేసుకుంటోంది. ఆ రోజుల్లో ఇలాంటి మనిషి దొరికి ఉంటే నా మధ్యాహ్నాలు ఎంత ప్రశాంతంగా గడిచేవో!

హైటెక్ సిటీలోని మా పాత ఆఫీసులో మూడో అంతస్తు శుభ్రం చేసే బాధ్యత ఎస్తేరమ్మది. జహీరాబాద్ వైపు మనిషి. యాభై దాటిన వయసు, ఎడమ మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ. అందరినీ మేడం, సార్ అనేది, నన్ను మాత్రం బిడ్డా అనేది. ఆ ప్రత్యేక హోదా నేను అడిగి తెచ్చుకున్నది కాదు. అప్పటికి నాకు విడాకులు వచ్చి రెండేళ్లు. అయినా రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని, ఫోన్లో ఒక ఫైలు తెరిచి చదువుకునేదాన్ని. నా మాజీ భర్త పంపిన మెసేజీలు, నా ఒంటి మీద దెబ్బల ఫోటోలు, తేదీల వారీగా కోర్టు కోసం దాచినవి. కేసు ముగిసింది కానీ నా చదువు ముగియలేదు. అన్నం సగం చెత్తబుట్టలోకి పోయేది. ఆ బుట్ట ఖాళీ చేసేది ఎస్తేరమ్మే కాబట్టి దొరికిపోయాను.

"దినాం గా ఫోన్ల ఏం జూస్తవ్? అన్నం ఖరాబైతుంది."

"మీకెందుకండీ?"

"పారవోసేది నేనే గద."

కోపంలో అంతా చెప్పేశాను. చెప్పాక ఇంకా కోపం వచ్చింది, ఎందుకంటే ఆమె కనీసం అయ్యో అనలేదు. "ప్రార్థన చేస్త" అని మాపును బకెట్లో ముంచింది.

అక్కడితో ఊరుకుందా? ఆదివారం మా ప్రార్థనకు రా అని ఒకటే పోరు. మధ్యలో ఆరాలు. ఒకరోజు నా ఉద్యోగం ఏమిటని అడిగింది. వేరేవాళ్లు చేసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి రాసిపెడతానని చెప్పాను.

"రాసినంక?"

"వాళ్లు సరిచేస్తారు. నేను మళ్లీ చూసి, ఇక అయిపోయిందని మూసేస్తాను. తప్పు పట్టుకుని రాసినవాళ్లే దాన్ని మూయాలి."

"వాళ్లు సరిచెయ్యకుంటే?"

"కొన్ని ఇక సరిచేయరని తేలిపోతుందండీ. అప్పుడు ఆ మాటే రాసి మూసేస్తాం."

నా టీ చల్లారిపోయిందని విసుక్కున్నాను. ఆ మాటను ఆమె జాగ్రత్తగా దాచుకుంటోందని నాకేం తెలుసు!

చివరికి పోరు పడలేక ఒక ఆదివారం లింగంపల్లి వెళ్లాను. మాది భీమవరం. మా ఇంట్లో చర్చి గుమ్మం తొక్కినవాళ్లు లేరు. తీరా చూస్తే అది టైర్ల దుకాణం పైనున్న ఒక రేకుల హాలు. అంత చిన్న హాలుకు ఊరంతటికీ సరిపోయే మైకు. అక్కడ ఎవరి కష్టం వాళ్లు చీటీ మీద రాసిస్తే పాస్టరుగారు పైకి చదువుతారు, అందరూ కలిసి ప్రార్థిస్తారు. ఒకరికి మోకాళ్ల నొప్పి తగ్గాలి, ఒకరికి కిరాయి ఇల్లు దొరకాలి. ఆ తర్వాతి చీటీ: "సోదరి లావణ్య ఫోన్ల ఉన్న ఫైలు పోవాలని." ఎస్తేరమ్మకు రాయడం రాదు, ఎవరితోనో రాయించింది. హాలంతా ఆమెన్ అంది. నేను గబుక్కున బ్యాగులోంచి ఫోన్ తీసి, ఫైలు ఉందో లేదో చూసుకున్నాను. ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అనుకున్న మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయాను. నా దెబ్బలన్నీ భద్రంగా ఉన్నందుకు ఊపిరి పీల్చుకున్నాను మరి.

ఆ సిగ్గంతా మెట్ల మీద ఆమె మీదే చూపించాను. "నా సంగతి మైకులో చదివిస్తారా? అతను ఒక్కసారైనా తప్పయిందన్నాడా? ఎలా వదిలేయమంటారు?"

ఆమె చెయ్యి చాపి మచ్చ చూపింది. "మా ఆయన కాగిన నూనె వోసిండు. తప్పయిందని అనకుంటనే సచ్చిపోయిండు. నేనెప్పుడో క్షమించిన. యేసయ్య సిలువ మీదనే క్షమించిండు బిడ్డా, మేకులు గొట్టినోళ్లొచ్చి అడిగేదాక ఆగలే."

"అంటే ఆయన్ని మళ్లీ ఇంట్లోకి రానిచ్చారా?"

"పిచ్చా ఏంది? మూడుసార్లొచ్చిండు. తలుపు తియ్యలే. క్షమించుడు వేరు, తలుపు తీసుడు వేరు." నా వైపు తిరిగి అంది, "నీ ఆయన సరిచెయ్యడు. రాసినోళ్లే మూయాలె అని నువ్వే జెప్పినవ్ గద."

నా పని నాకే నేర్పినందుకు ఒళ్లు మండింది. మదీనాగూడలోని ఇంటికి చేరేదాకా తిట్టుకుంటూనే ఉన్నాను. ఇంటికి వచ్చి ఫైలు చివర "ఇక సరిచేయడు" అని రాశాను. చెరిపేయలేదు, మా పనిలో మూసినవాటిని చెరపం. ప్రార్థన ఎలా చేయాలో తెలియదు. "యేసయ్యా, ఇక నువ్వే చూసుకో, నావల్ల కాదు" అన్నాను, విసుగ్గానే. అప్పుడు ఏడుపొచ్చింది, చాలాసేపు. మర్నాడు డబ్బా మొత్తం తిన్నాను. ఎస్తేరమ్మ చెత్తబుట్ట చూసి మొదటిసారి నోరు మూసుకుంది. నాలుగో రోజు మళ్లీ ఫైలు తెరిచాను, మళ్లీ మూశాను. ఎన్నిసార్లని చెప్పను! ఆ తెరవడాల మధ్య రోజులు మాత్రం పెరుగుతూ వచ్చాయి.

ఒక సోమవారం క్లీనింగ్ కాంట్రాక్టు మారి అంతస్తంతా కొత్త ముఖాలు. ఎస్తేరమ్మను ఎక్కడికి పంపారో ఎవరూ చెప్పలేదు, ఆమె ఫోను కలవలేదు. లింగంపల్లిలో అడిగితే ఊరికి వెళ్లిపోయిందన్నారు. నన్ను ఆ హాలుకు అలవాటు చేసి, తను మాయమైంది! నేను ఇప్పటికీ వెళ్తున్నాను. ఆ మైకు ఇప్పటికీ తగ్గలేదు. లేచి నీ సాక్ష్యం చెప్పు, దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పు అని అప్పట్లో ఎస్తేరమ్మ పక్కన కూర్చుని నన్ను మోచేత్తో పొడిచేది. చస్తే చెప్పనన్నాను.

పోయిన నెల అతని దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది, "ఎలా ఉన్నావ్?" అని. పాత అలవాటు కొద్దీ ఫైలులో పెట్టడానికి స్క్రీన్‌షాట్ తీయబోయాను. వేలు ఆగింది. జవాబు ఇవ్వలేదు, స్క్రీన్‌షాటూ తీయలేదు. ఫోన్ పక్కన పెట్టి, అన్నం వేడిగా ఉండగానే తిన్నాను.

ఎస్తేరమ్మా, మైకు నేను పట్టుకోను. నా సాక్ష్యం ఇంతే.