పిల్ల ఎవరి దగ్గర ఉంటోంది?

తండ్రులకిచ్చే పదిహేను రోజుల కాన్పు సెలవు మీదా, విడిపోయిన దంపతుల పిల్లల పెంపకం మీదా ఎవరో పరిశోధన చేస్తుంటే, దానికి సర్వే ఫారాలు నింపే పని నాది. డుంబ్రిగుడ మండలంలో ఉద్యోగాలు చేసే తండ్రుల్ని అడగాలి. నాకిచ్చిన జాబితాలో స్కూళ్ళ పేర్లే ఉన్నాయి, మాస్టర్ల పేర్లు లేవు. ఆ రోజు సంత దగ్గర ఆటో దిగి, కాఫీ తోటల పక్కన ఎత్తెక్కి, రొప్పుతూ స్కూలుకి చేరానా, వరండాలో కుర్చీలో మా ఆయన! మాజీ ఆయన అనాలి కాబోలు, విడిపోయి మూడేళ్ళయింది. కొత్తగా బదిలీ మీద వచ్చాడట. నా ఖర్మ.

వెనక్కి తిరిగితే భయపడి పారిపోయిందనుకుంటాడు. ఎదురుగా కూర్చున్నాను.

మా తగువంతా ఆరేళ్ళ పిల్ల గురించే. వేసవి సెలవుల్లో ఒక నెల తన దగ్గర ఉంచుకుంటానని కోర్టులో అడిగాడు. కుదరదు, పిల్ల నా దగ్గరే ఉంది, నా చేతి ముద్దతోనే పెరుగుతోంది అని నేను రాసిచ్చాను.

"పాప పుట్టినప్పుడు సెలవు తీసుకున్నారా?" ఫారంలో ఉన్నట్టే అడిగాను.

"పదిహేను రోజులూ తీసుకున్నాను మేడం."

మేడమట!

"ఆ రోజుల్లో పాపకి ఏమేం పనులు చేశారు?"

"స్నానం చేయించీవోణ్ణి. పొద్దున్నా, సాయంత్రం."

ఒళ్ళు మండిపోయింది. ఆ పదిహేను రోజులూ ఈ మహానుభావుడు పెందుర్తిలో కట్టిస్తున్న ఇంటికి స్లాబు వేయించాడు. పొద్దున్నా సాయంత్రం తడిపింది ఆ స్లాబుని. నేను పచ్చి బాలింతని, నన్నూ పిల్లనీ చూసుకున్నది మా అమ్మ. కానీ మాకు చెప్పిన రూలొకటే: వాళ్ళు చెప్పింది రాయండి, వాదించకండి. కాగితం చిరిగేలా నొక్కి రాశాను.

"పాపని ఎన్నాళ్ళకోసారి చూస్తున్నారు?"

"మొన్నాదివారం సూసొచ్చినాను."

పెన్ను ఆగిపోయింది. "ఎక్కడ?"

"బొబ్బిల్లో, మీ యమ్మింటికాడ." మేడం అనడం పోయింది. "ఆవిడ నన్ను రానిత్తాది. ఏటి, నీకు సెప్పలేదా? గుంటకి ముందుపళ్ళు రెండూ ఊడిపోనాయి. అమ్మెప్పుడొత్తాది నాన్నా అని అడిగింది. ఏటి సెప్పమంతావు?"

దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని. ఈ ఉద్యోగంలో చేరినప్పటినుంచీ పిల్ల మా అమ్మ దగ్గరే ఉంది. వచ్చే వారం తెచ్చేసుకుంటాను, ఆపై వారం తెచ్చేసుకుంటాను అంటూ అయిదు నెలలు గడిపేశాను. రోజూ ఫోన్లో తిన్నావా, చదివావా అని అడుగుతాను. పళ్ళు ఊడిన సంగతి నాకు తెలీదు.

చివరి ప్రశ్న మిగిలింది. తల్లి, తండ్రి, ఇద్దరూ, ఇతరులు అని నాలుగు గళ్ళు.

"ప్రస్తుతం పాప ఎవరి దగ్గర ఉంటోంది?"

నిజం చెబుతాడనుకున్నాను. అదే మాట కోర్టులోనూ చెబితే నేను రాసిచ్చిందంతా అబద్ధమని తేలిపోతుంది. అతను నా మొహంలోకి చూశాడు.

"తల్లి దగ్గరే అని రాసుకోండి మేడం."

జాలిపడ్డాడో, ఎగతాళి చేశాడో ఈ రోజుకీ నాకు తెలీదు. రెండూ నాకు అసహ్యమే. రూలు ప్రకారం అతను చెప్పిన గడిలోనే టిక్కు పెట్టాను. అడుగున, సమాధానాలన్నీ సరిచూశాను అని ఉన్న చోట సంతకం చేశాను.