ఏం కూర వండినవ్?

నాందేడ్ ఆసుపత్రిలో రక్తం తీసే పని నాది. ఇస్లాపూర్ నుంచి వచ్చే ఒక ముసలమ్మ ఇన్నేళ్లూ నాకే చెయ్యి చాపేది. మొన్న, కొత్తగా చేరిన దెగ్లూర్ పిల్లను చూపించి, "ఆమెనే రమ్మను బిడ్డా, నువ్వు గుచ్చితే నొస్తది" అంది. నా ఒళ్లు మండిపోయింది.

ఆ పిల్ల చేసేదల్లా ఒకటే. సూది పట్టుకుని, "ఇయ్యాల ఏం కూర వండినవ్?" అని అడుగుతుంది. వాళ్లు జవాబు చెప్పేలోగా గుచ్చేస్తుంది. అదీ ఒక విద్యేనా!

తర్వాత నాకు జ్వరం వచ్చింది. రక్తం తీయడానికి ఆమే వచ్చింది. నోరు విప్పకూడదని పళ్లు బిగించి కూర్చున్నాను.

"అక్కా, పొద్దుగాల ఏం కూర వండినవ్?"

"జ్వరంల కూరేంది? చారు పెట్టిన, గంతే!" అని కసిరాను.

"అయిపోయిందక్కా" అంటూ దూది అదిమింది.

కొంచెమైనా నొప్పి పుట్టి ఉంటే ఎంత హాయిగా ఉండేది!