ఉక్కు పొడుగైన రోజు

ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు షాపులో ఆమెను అందరూ వదిన అనేవారు. మరిది అక్కడే లోడింగులో పనిచేసేవాడు. అతని పిలుపే మిగతావాళ్లకూ అలవాటైపోయింది. చివరికి ఆమెకన్నా వయసులో చాలా పెద్దవాడైన వాచ్‌మన్ కూడా "వదినా, గేటు దగ్గర జాగ్రత్త" అనేవాడు.

షాపులోకెల్లా పెద్ద ప్రెస్సు ఆమెది. దానిమీద వంటింటి సింకులు తయారయ్యేవి. ఆమె రేకు సర్ది, దూరం జరిగి, రెండు చేతులతో రెండు బటన్లు నొక్కేది. గదంత ఇనుప దిమ్మె పైనుంచి దిగేది. అది లేచేసరికి చదును రేకు కాస్తా తొట్టి అయి కూర్చునేది.

ఒక ఉదయం దిగిన దిమ్మె లేవలేదు. నేల అదిరింది, మోటారు మూలిగి ఆగిపోయింది. నూనె జిగటకు అతుక్కున్న రెండు రేకులు ఒక్కటిగా లోపలికి పోయాయి. ఆమె పరుగున వెళ్లి, మిషన్లు రిపేరు చేసే ఫిట్టరు బాబాయిని పిలుచుకొచ్చింది.

"నావల్లే అయింది బాబాయ్."

"నీవల్ల కాదు, నూనెవల్ల," అన్నాడు బాబాయి. "ముందు కాసిని నీళ్లు తాగు."

మోటారును వెనక్కి తిప్పి చూశారు. దిమ్మె ఉలకలేదు, పలకలేదు. షాపు ఇంజినీరు, బాబాయి కలిసి ప్రెస్సు పైకెక్కారు, దిగారు, చాలాసేపు వాదించుకున్నారు. చివరికి బాబాయి గ్యాసు బర్నర్లు తెమ్మన్నాడు.

"దేన్ని కాలుస్తారు?" అని అడిగింది వదిన.

"ఆ నాలుగు స్తంభాల్లో, ఒక్కోదాని లోపల కిందినుంచి పైదాకా ఉక్కు కడ్డీ ఉంటుంది. నా తొడంత లావు. మిషన్ మొత్తాన్ని బిగించి పట్టుకున్నవి అవే. వేడి చేస్తే పొడుగవుతాయి, పట్టు సడలుతుంది."

"ఉక్కు పొడుగవుతుందా? ఎంత?"

"గోరు వెడల్పు కూడా ఉండదు."

"ఇంత కొండకి అంత చిన్నది చాలుతుందా?"

బాబాయి నవ్వలేదు. "నేను రెండుసార్లు చూశానమ్మాయ్. రెండుసార్లూ చాలింది. అయినా ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు."

కరెంటు తీసేసి స్తంభాల తలుపులు తెరిచారు. ఇన్నేళ్లుగా చేతికందే దూరంలో ఉన్న ఆ కడ్డీలను ఆమె అప్పుడే మొదటిసారి చూసింది. నూనె మెరుపుతో నల్లగా, నిటారుగా నిలబడి ఉన్నాయి. మంటలు పెట్టారు. కాలిన నూనె వాసన షెడ్డంతా కమ్మింది. పనివాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ దూరంగా నిలబడ్డారు.

కొంతసేపటికి ఇంజినీరు పైనుంచి కేకేశాడు. "వదినా, పైకి రా! ఇది చూడాలి నువ్వు."

మరిది కింద నిచ్చెన పట్టుకుంటే ఎక్కింది. కడ్డీ కొసన రోలంత నట్టు ఉంది. ఇంజినీరు కాగితమంత పలచని రేకుముక్క ఆమె చేతికిచ్చాడు. "ఇందాక ఈ నట్టు కింద దీని అంచు కూడా దూరలేదు. ఇప్పుడు పెట్టి చూడు."

పెట్టింది. జారి లోపలికి వెళ్లిపోయింది.

ఆమె దాన్ని బయటికి లాగి మళ్లీ పెట్టి చూసింది. చప్పుడు లేదు, కదలిక లేదు. కళ్లముందే ఉక్కు పెరిగింది. నాలుగు నట్ల కిందా సందు కనిపించాక అందరూ కిందికి దిగారు, కరెంటు ఇచ్చారు.

"నువ్వే తిప్పు," అన్నాడు బాబాయి. "దీని సంగతి నీకు తెలిసినంత మాకు తెలియదు."

ఆమె బటన్లు నొక్కింది. లోపలెక్కడో ఠంగుమంది. దిమ్మె నెమ్మదిగా, నిద్రలేచినట్టు, పైకి లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాచ్‌మన్ తలమీద టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఇంటికెళ్లి అత్తగారికి చెప్పింది. ఆవిడ వెంటనే కోడలి నుదుటిమీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరం లేదే! మరి ఇనుము పెరిగిందంటావేంటి?"

"నిజం అత్తయ్యా. నా చేత్తోనే చూశాను."

"అయితే మన తలుపు గడియని కూడా కాస్త కాల్చు. ఎన్నాళ్లనుంచో అందట్లేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆమెకు ఆ రాత్రి సరిగా నిద్రపట్టలేదు. మిగతా మిషన్ల లోపల ఏముందో అన్న ఆలోచనే.

వారం తిరక్కుండానే ఇంజినీరు దగ్గరికి వెళ్లి, రిపేరు పనిలో వేయమని అడిగింది. "మరి ప్రెస్సు మీద ఎవరుంటారు?" అన్నాడాయన. "మా మరిదికి నేర్పుతాను," అంది. నేర్పింది కూడా, బాగా తిట్టి మరీ.

ఇప్పుడు ఆమె ఫిట్టరు. మొన్న ఒక ప్రెస్సు పైమూత విప్పితే, తన ముంజేయంత పళ్లున్న చక్రం బయటపడింది. బాబాయి పానా అందిస్తూ నిలబడే ఉన్నాడు.

"పట్టుకోవమ్మా, చెయ్యి లాగుతోంది," అన్నాడు.

"ఒక్క నిమిషం బాబాయ్," అంది ఆమె, కళ్లు తిప్పకుండా. "చూడనీ."