బండి పట్టే గుమ్మం

అరవైల చివర, బొబ్బిలి దగ్గర మా ఊళ్లో సిమెంటు దిమ్మలతో కట్టిన మొదటి కొట్టు మా మావగారిదే. గోగునార దాచడానికి కట్టించారు. గోడలు కోటలా లేపి, గుమ్మం మాత్రం మనిషి దూరేంతే పెట్టించారు. దొంగల భయమట! నార బండి రోడ్డు మీదే ఆగిపోయేది. కట్టలన్నీ అత్తా నేనూ నెత్తిన పెట్టుకుని లోపలికి మోసేవాళ్లం. ఒక ఏడు అత్తకి మెడ పట్టేసి, పక్కకి తిరిగి చూడ్డానికి కూడా లేకపోయింది. అయినా నోరెత్తదు. నాకు ఒళ్లు మండిపోయింది.

"బండి లోపలికొచ్చేలాగ గోడ కొట్టించు మావా" అన్నాను. ఆ రోజుల్లో కోడలు మావ ఎదురుగా నిలబడి మాట్లాడటమే తప్పు. నాకు మొదటినుంచీ నోరు పెద్దది.

"గోడ కొడితే కప్పు నెత్తిమీద పడతాది" అన్నారాయన. పోరగా పోరగా ఒక షరతు మీద ఒప్పుకున్నారు. "గోడకి బీటొచ్చిందా, కన్నం మూయించేస్తాను. మళ్లీ గుమ్మం మాటెత్తకూడదు." అంటే ఇక బతికినన్నాళ్లూ అత్త మోయాల్సిందే.

తాపీమేస్త్రి వచ్చాడు. మావగారు ఖాళీ బండికి తాడు పట్టి కొలత తీశారు. నాకు నవ్వాగలేదు. "ఉత్త బండికి కొట్టెందుకు మావా? దొడ్లోనే ఉంటాది! కట్టలేసి కొలిసి సూడు. మీద మనిషి కూకునే ఎత్తు కూడా సూడు." కట్టలు బండికి రెండు పక్కలా మూరెడు పొడుచుకొస్తాయి మరి. నిరుటి కట్టలు వేయించి, గొణుక్కుంటూ మళ్లీ కొలిచారు.

మేస్త్రి ముందు గోడ పైభాగాన గాడి తొలిచి, తాటి దూలాలతో బరువు ఆపి, లింటల్ పోశాడు. తడి గోనెలు కప్పి, అది గట్టిపడేదాకా నీళ్లు కొట్టాం. ఆ తర్వాతే కింది దిమ్మల మీద సమ్మెట పడింది. దెబ్బ దెబ్బకీ మావగారు జ్వరం చూసినట్టు గోడ తడిమేవారు.

పెద్ద ద్వారబంధం నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఆఖరికి దూలాలు లాగేశారు. గోడ కదల్లేదు! మావగారు లోపలా బయటా వెతికారు. వెంట్రుకంత బీట కూడా లేదు. సిగ్గూ ఎగ్గూ లేకుండా గట్టిగా కేకేశాను. గెలిచాను మరి!

ఆ ఏటి కొత్త నారతో బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. తోలుతున్నది మా ఆయనే. మావగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఒక కట్ట తీసి అత్త చేతిలో పెట్టారు. "ఇంటి ఇల్లాలివి. కుడికాలెట్టి మొదటి కట్ట నువ్వే మోసుకెళ్లాల. ఆనవాయితీ."

అత్త ఆ కట్టని తిరిగి బండి మీదకి విసిరేసింది. నా భుజం పట్టుకుని, చక్రం మీద కాలేసి, కట్టల మీదకెక్కి కూర్చుంది.

"కుడికాలు ఎద్దెడతాదిలే" అంది. "తోలరా!"

మా ఆయన తోలాడు. మావగారు పక్కకి తప్పుకున్నారు.