తెగిన లైను, వదలని లారీ

నేను డిగ్రీ పాసయ్యాను. యాభై నాలుగేళ్లకు, మా ఇంటి మొత్తానికి మొదటి డిగ్రీ. పొద్దున ఫోన్లో ఫలితం చూసి, నమ్మకం కుదరక కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పని మధ్యలో లైను తెగితే డేటాబేస్ ఏం చేస్తుందని పరీక్షలో ఒక ప్రశ్న వచ్చింది. ఆ జవాబు నేను పుస్తకం తెరవకముందే, తారానగర్ కాటా గదిలో నేర్చుకున్నాను.

ఖనిజం లారీలు తూచే ఆ గదిలో అప్పట్లో నేను ఆపరేటర్‌ని. బండి కాటా ఎక్కితే బరువు కంప్యూటర్‌లోకి, అక్కడినుంచి తీగ మీద బళ్లారి బ్రూస్‌పేట ఆఫీసులోని సర్వర్‌కు పోయేది. ఒక ఉదయం మా అన్న లారీ తూచాను, చీటీ అచ్చయింది, అది తీసుకుని ఆయన వెళ్లిపోయాడు. తర్వాత చూస్తే లైను తెగి, తెర బిగుసుకుపోయి ఉంది. మెషిన్ ఆపి మళ్లీ పెట్టి, లైను వచ్చాక అన్న లారీ నంబరు కొడితే, ఆ వివరాలు ఇంకొకరు రాస్తున్నారని వచ్చింది. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. సర్వర్ చూసుకునే పెద్దాయనకు ఫోన్ చేశాను.

"ఆ ఇంకొకరు నువ్వేనమ్మా. లైను తెగిన సంగతి దానికింకా తెలీదు. నువ్వొస్తావని లారీని పట్టుకోని కూచోనుండాది."

"ఎంతసేపు సార్?"

"దానికి విసుగొచ్చేదాకా. ఆమేలె నువ్వు రాసిందంతా తుడిచేస్తాది. స్వల్ప తాళు, నేనే విడిపిస్తా."

"సగమన్నా ఉంచదా?"

"సగం లెక్కలోకి రాదు. ఉంటే అంతా ఉండాల, లేకుంటే ఏమీ లేదు."

చెక్‌పోస్టులో చీటీని సర్వర్‌తో సరిచూస్తారు, అక్కడ లేకపోతే దొంగ ఖనిజమని లారీ పట్టేస్తారు, అన్నకు ఆ లారీ తప్ప వేరే బతుకుతెరువు లేదు. నేను మళ్లీ రాద్దామన్నా బండి కాటా మీద లేనిదే బరువు ఎక్కదు. అయితే ఆ దారిన పోయే డ్రైవరెవరూ బండ్రిలో ఉగ్గాణి, బజ్జీ తినకుండా కదలరు కాబట్టి, ఆ కొట్టులోని కాయిన్ ఫోన్‌కు చేశాను. కొట్టాయన అన్నను పిలిచాడు.

"ఏందమ్మే, ఇంత పెద్ద కంప్యూటరు పెట్టుకోని ఉగ్గాణి కొట్టుకు ఫోన్ చేస్తాండావా?"

"తినింది చాల్లే, బండి వెనక్కి తిప్పునా. నీ బరువు చేరలేదు."

"పొద్దున్నుంచీ లోడు మోసేది నేను, చేరలేదంటే ఎట్లమే?"

గొణుక్కుంటూనే వచ్చాడు. ఈసారి సేవ్ అయిందని బ్రూస్‌పేట పెద్దాయన ఫోన్లో చెప్పేదాకా చీటీ చేతికివ్వలేదు.

ఇప్పుడు సర్వరే కొన్ని క్షణాలకోసారి ఉన్నావా అని పలకరిస్తుంది, బదులు రాకపోతే పట్టు వదిలేస్తుంది, సేవ్ అయ్యాకే చీటీ వస్తుంది. మంచిదే. కానీ ఏ డ్రైవరు ఏ వేళకు ఏ కొట్టు ముందు ఉంటాడో తెలిసిన మనుషులు ఇప్పుడు కాటా గదుల్లో లేరు. తూకం దానంతటదే అవుతోంది, ఆ గదులకు తాళాలు పడ్డాయి.

పాసయ్యానని ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. బ్రూస్‌పేట పెద్దాయన, హోసపేటలో చిన్నమ్మ, సండూరులో నా పుస్తకాలకు అట్టలు వేసిన ఆడపడుచు, ఈ వయసులో చదువేందని నవ్విన మేనమామ. అన్న చివర. ఫోన్ పట్టుకుంటే ఆయన వదలడు, ముందు ఆయనకు చేస్తే మిగతావాళ్లకు ఈరోజు కుదరదు.